వైజాగ్ నుంచి జర్మనీకి: ముందు మీ ఆవిడ సర్టిఫికెట్లు బయటికి తీయండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గాజువాకలో ఉంటున్నారు, 32 ఏళ్లు, బీటెక్ మెకానికల్ చేసి ఎనిమిదేళ్లుగా ఒక కాంట్రాక్టర్ దగ్గర రోలింగ్ మిల్లు మెయింటెనెన్స్ చూస్తున్నారు, జీతం 32 వేల దగ్గర ఆగిపోయింది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాలుగున్నర లక్షలు కడితే జర్మనీ చాన్సెన్‌కార్టె వీసా ఇప్పిస్తాం, ఉద్యోగం గ్యారంటీ అన్నారు, అందుకోసం నాన్నగారి ఇంటి మీద లోన్ తీసుకుందామా అని అడిగారు. చివర్లో ఒక్క లైన్ రాశారు: "మా ఆవిడ బీఎస్సీ నర్సింగ్, ఐసీయూలో ఐదేళ్లు చేసింది, పాపకి నాలుగేళ్లు, అక్కడికి వెళ్లాక తనకీ ఏదో ఒకటి దొరుకుతుంది కదా."

నేను ఆ చివరి లైన్ దగ్గరే ఆగిపోయాను. జర్మనీ వెళ్లే దారి మీ ఇంట్లో ఆవిడ పేరు మీద ఉంది. ఆవిడ ముందు వెళ్లాలి, మీరూ పాపా వెనక వెళ్లాలి. మీరు ఇది ఊహించి ఉండరు, ఇంట్లో పెద్దవాళ్లకి నచ్చకపోవచ్చు కూడా, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేనూ నర్సునే. కంచరపాలెంలో పుట్టి పెరిగాను, ఇక్కడే ప్రైవేటు హాస్పిటల్లో తొమ్మిదేళ్లు చేసి 2016 నవంబరులో, పెద్ద నోట్లు రద్దయిన నెలలోనే, జర్మనీ విమానం ఎక్కాను. చేతిలో ఖర్చులకి డబ్బు లేక మా అమ్మ గాజులు కుదవపెట్టింది. ఇప్పుడు బ్రెమెన్ దగ్గర ఒక హాస్పిటల్లో మెడికల్ వార్డులో పని చేస్తున్నాను. ఏటా దసరాకి సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వస్తాను, ఇదీ ఇక్కడి నుంచే రాస్తున్నాను.

ముందు ఆ చాన్సెన్‌కార్టె సంగతి. అది 2024 జూన్ 1 నుంచి వచ్చిన వీసా, నిజమైనదే, మోసం కాదు. కానీ అది ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది పాటు ఇచ్చే అనుమతి, అంతే. చదువు, అనుభవం, వయసు, భాష వీటికి పాయింట్లు లెక్కేసి ఆరు వస్తే ఇస్తారు. ఆ ఏడాదిలో వారానికి 20 గంటల దాకా చిన్న పని చేసుకోవచ్చు. ఆ ఏడాది బతకడానికి నెలకి 1,091 యూరోల లెక్కన 2025లో 13,092 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో, అంటే నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో, చూపించాలి, అంటే ఇంచుమించు 13 లక్షలు. మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన నాలుగున్నర లక్షల్లో ఇది లేదు, మీరు రాసినదాన్ని బట్టి వాళ్లు ఈ మాట ఎత్తినట్టే లేదు. భార్యాబిడ్డల్ని వెంట తీసుకెళ్లడానికి పనికొచ్చే వీసా కూడా కాదు. జర్మన్ రాకుండా మెయింటెనెన్స్ ఉద్యోగానికి అక్కడ తిరిగితే ఆ ఏడాది ఇట్టే అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇంగ్లిష్‌తో గడుస్తుందేమో గానీ షాప్‌ఫ్లోర్‌లో గడవదు. మెషీన్ ఆగిపోయినప్పుడు ఫోర్‌మన్ అరిచేది జర్మన్‌లోనే. ఉద్యోగం గ్యారంటీ అని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీ ఆవిడ విషయం వేరు. నర్సులు అక్కడ నిజంగా తక్కువగా ఉన్నారు, ఏ ఊరి హాస్పిటల్ వెబ్‌సైట్ తెరిచినా ఖాళీలు కనిపిస్తాయి. నర్సింగ్ అక్కడ ప్రభుత్వ గుర్తింపు ఉంటేనే చేయగలిగే వృత్తి. ఆ గుర్తింపుని ఆనెర్‌కెన్నుంగ్ అంటారు, ఈ మాట ఇంట్లో అందరూ నేర్చుకోండి, వచ్చే రెండేళ్లు దాని చుట్టూనే తిరుగుతారు. జర్మనీలో 16 రాష్ట్రాలున్నాయి, ఏ రాష్ట్రంలో ఉద్యోగం దొరికితే ఆ రాష్ట్రం ఆఫీసు మన చదువుని వాళ్ల చదువుతో గంటల లెక్కన పోల్చి చూస్తుంది. మన బీఎస్సీ నాలుగేళ్లదైనా దాదాపు అందరికీ కొన్ని సబ్జెక్టులు తక్కువయ్యాయని ఉత్తరం వస్తుంది. దాన్ని చూసి కంగారు పడకూడదు, అది తిరస్కారం కాదు. ఆ లోటు పూడ్చుకోవడానికి రెండు దారులిస్తారు. ఒకటి హాస్పిటల్లో పని చేస్తూ కొన్ని నెలల అడాప్టేషన్ ట్రైనింగ్, రెండోది నాలెడ్జ్ పరీక్ష. పరీక్షలో నోటితో అడిగేది ఒక భాగం, నిజమైన పేషెంట్ దగ్గర చేసి చూపించేది ఇంకో భాగం. నేను ట్రైనింగ్ తీసుకున్నాను, నాతో వచ్చిన కేరళ అమ్మాయి పరీక్ష రాసి నాకంటే నాలుగు నెలల ముందే పూర్తి నర్సు అయింది. మీ ఆవిడకి ఐసీయూ అనుభవం ఉంది, భాష బాగా పట్టుబడితే పరీక్షే మేలని నా ఉద్దేశం.

ఇందులో తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. హాస్పిటల్ వాళ్లే అక్కడి విదేశీయుల ఆఫీసులో 411 యూరోల ఫీజు కట్టి ఫాస్ట్ ట్రాక్‌లో పెట్టించొచ్చు, అప్పుడు కాగితాలన్నీ సరిగ్గా ఉంటే గుర్తింపు ఆఫీసు రెండు నెలల్లో జవాబివ్వాలి. ఇంటర్వ్యూలో ఆవిడే ఈ ప్రశ్న అడగాలి: ఫాస్ట్ ట్రాక్ మీరు చేయిస్తారా అని. దానికి వాళ్లు చెప్పే జవాబుని బట్టే వాళ్లు ఎలాంటివాళ్లో సగం తెలిసిపోతుంది.

డబ్బు. నర్సు దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు, పెట్టుకునేవాడే ఖర్చు భరించాలి అనేది అక్కడ ఇప్పుడు గట్టిగా పాటించమంటున్న పద్ధతి. అలా పని చేసే ఏజెన్సీలకి 'ఫేయర్ ఆన్‌వెర్బుంగ్ ప్ఫ్లేగె డాయిచ్‌లాండ్' అని ఒక సర్కారీ ముద్ర ఇస్తారు, అది ఉందో లేదో చూడండి. జర్మనీ ఉపాధి శాఖ, అక్కడి ప్రభుత్వ అభివృద్ధి సంస్థ జీఐజెడ్ కలిసి నడిపే ట్రిపుల్ విన్ అనే కార్యక్రమం కేరళలో అక్కడి ప్రభుత్వ సంస్థ నోర్కా ద్వారా నడుస్తోంది, నాతో పని చేసే మలయాళీ అమ్మాయిలు కొందరు అలా రూపాయి ఏజెంటుకి ఇవ్వకుండా వచ్చారు. మన దగ్గర ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ (ఓమ్‌క్యాప్) అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ప్రవాసాంధ్రుల కోసం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, ఏజెంటు మొహం చూసే ముందు వీళ్లని ఒకసారి అడగండి. ఎవరి దగ్గరికైనా వెళ్లాల్సి వస్తే విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈమైగ్రేట్ సైట్‌లో వాళ్ల లైసెన్సు నంబరు కొట్టి చూడండి. రిజిస్టరైన ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగినవాడు ఆ రూల్ దాటినట్టే.

నా అనుభవం చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. నన్ను పంపిన ఏజెన్సీ నా దగ్గర ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది, జర్మన్‌లో ఉంది, నాకప్పుడు బీ1, అంటే మధ్యస్థాయి జర్మన్, కూడా పూర్తిగా రాదు. మూడేళ్లలోపు హాస్పిటల్ మారితే 8,000 యూరోలు కట్టాలని అందులో ఉన్న సంగతి ఏడాదిన్నర తర్వాత, మా ఆయన ఉద్యోగం కోసం వేరే ఊరు మారదామనుకున్నప్పుడు తెలిసింది. ఆ రోజు రాత్రి డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాట చదువుకుంటూ కూర్చున్నాను. మారలేకపోయాం. తిరిగి కట్టించుకునే షరతు కాంట్రాక్టులో ఉందా, ఉంటే ఎంత, ఎన్నాళ్లు, నెలనెలా తగ్గుతుందా అన్నది సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగమనండి. సంతకం పెట్టేశాక అడిగి లాభం లేదు.

ఇక భాష. దీని మీద నేను ఎంత రాసినా తక్కువే. గుర్తింపుకి చాలా రాష్ట్రాల్లో బీ1 పై మెట్టైన బీ2 స్థాయి కావాలి. బీ1తో వెళ్లి అక్కడ బీ2 చేయొచ్చు, నేనలాగే వెళ్లాను, కానీ ఇప్పుడు ఎవరడిగినా ఇక్కడే బీ2 చేసి వెళ్లమంటాను. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ వాళ్ల లెక్కలో బీ2 చేరడానికి 600 నుంచి 800 క్లాసులు పడతాయి, డ్యూటీ చేసుకుంటూ రోజూ రెండు గంటలు కూర్చుంటే ఏడాది, ఏడాదిన్నర. నేను నైట్ డ్యూటీ దిగి కాంప్లెక్స్‌కి బస్సెక్కి క్లాసుకి వెళ్లేదాన్ని. జర్మన్‌లో ప్రతి వస్తువుకీ మగ, ఆడ, నపుంసకం అని లింగం ఉంటుంది, మన తెలుగులో అయితే తర్కానికి అందుతుంది, అక్కడ అందదు, బట్టీ పట్టాల్సిందే. వార్డులో పారేసే ఈసీజీ కాగితం ముక్కల వెనక వైపు మూడు కాలమ్స్ గీసి పదాలు రాసుకునేదాన్ని, అవి చుట్టలు చుట్టుకుపోయేవి, ఏప్రన్ జేబులో పెట్టుకుని ఇంజెక్షన్ ట్రే సర్దుతూ చదివేదాన్ని. పరీక్షకి కోరమాండల్‌లో చెన్నై వెళ్లాను. వినడం మాడ్యూల్ మొదటిసారి పోయింది. మొత్తం పరీక్ష మళ్లీ రాయక్కర్లేదు, పోయిన మాడ్యూల్ ఒక్కటే రాయొచ్చు, ఆ సంగతి తెలియక చాలామంది అక్కడే వదిలేస్తారు.

క్లాసులో నేర్చుకున్న భాష ఒకటి, పొద్దున్న ఆరింటికి డ్యూటీ అప్పగించేటప్పుడు వినిపించే భాష ఇంకొకటి. నా రెండో వారంలో నైట్ నర్సు గబగబా చెప్తూ ఒక పెద్దాయన గురించి "ఆబ్‌గెఫ్యూర్ట్" అంది. నేను నేర్చుకున్న పుస్తకంలో ఆ మాటకి తీసుకుపోవడం అని అర్థం. ఆయన్ని ఎక్కడికో షిఫ్ట్ చేశారనుకుని స్కాన్ రూమ్ దాకా వెళ్లి వెతికాను. హాస్పిటల్లో ఆ మాటకి ఆయనకి విరేచనమైంది అని అర్థం. ఆయన తన మంచం మీదే ఉన్నాడు. నా వణుకు ఆయన గమనించాడు, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి, తన పేరు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆరు నెలలు జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని హ్యాండోవర్‌లో విన్న ప్రతి కొత్త మాటా రాసుకున్నాను. హాస్పిటల్ జర్మన్ వీడియోలు బోలెడున్నాయి, ఆవిడని బీ1 దాటగానే అవి వినడం మొదలుపెట్టమనండి.

ఆవిడకి ఇంకొకటి ముందే చెప్పండి, లేకపోతే వెళ్లిన నెలకే మనసు విరిగిపోతుంది. ఇక్కడ పేషెంటుకి స్నానం, బట్టలు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం ఆయాలో, ఇంటివాళ్లో చూసుకుంటారు. అక్కడ అదంతా నర్సు పని, ఎంత చదివినా, ఎంత సీనియర్ అయినా. పేషెంటు తరఫువాళ్లు చూసి వెళ్లిపోతారు, పక్కన ఎవరూ పడుకోరు. అదే సమయంలో మనం రోజూ చేసే ఐవీ లైన్ పెట్టడం చాలా హాస్పిటళ్లలో డాక్టర్లు చేస్తారు. ఐసీయూలో చేయి తిరిగిన నర్సుకి ఇది చాలా కష్టంగా ఉంటుంది, నాకూ ఉంది, మొదటి వారం ఇంటికి ఫోన్ చేసి ఇందుకా వచ్చాను అని ఏడ్చాను. తర్వాత మా వార్డు సీనియర్ ఒకావిడ స్నానం చేయిస్తూనే మడమల దగ్గర చర్మం రంగు ఎలా మారిందో చూపించింది, వేలితో నొక్కితే ఎరుపు పోవడం లేదు, అంటే పుండు మొదలవబోతోంది. ఆయాసం ఎంతుంది, మింగగలుగుతున్నాడా, నిన్నటి కంటే అయోమయంగా ఉన్నాడా, అన్నీ ఆ పావుగంటలో ఆవిడ కనిపెట్టేసింది. ఆ పనిని నేను గౌరవించడం మొదలైంది ఆ పొద్దున్నే. మీ ఆవిడకి ఇష్టమైతే గుర్తింపు వచ్చాక ఐసీయూకి మారొచ్చు, అక్కడ ఆ అనుభవానికి విలువ ఉంది.

కాగితాలు. ఇక్కడే మనవాళ్లకి ఎక్కువ ఆలస్యమవుతుంది, ఈ వారమే మొదలుపెట్టండి. డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలు అందరూ తెచ్చుకుంటారు. అసలు కావాల్సింది ఏ సబ్జెక్టు థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఏ వార్డులో ఎన్ని గంటలు అని విడివిడిగా రాసిన ట్రాన్‌స్క్రిప్ట్, కాలేజీ ముద్రతో. మార్కుల మెమో దానికి బదులు రాదు. మా కాలేజీలో క్లర్కు మార్కుల జాబితానే మళ్లీ టైప్ చేసి ఇచ్చాడు, మూడుసార్లు తిరిగాను. ముసలివాళ్ల సంరక్షణ, మానసిక వైద్యం, పిల్లల వార్డు వీటి గంటలు ఉంటే తప్పకుండా రాయించండి, ఒక్కో గంటా తర్వాతి ట్రైనింగ్‌లో తగ్గుతుంది.

పేరు. మన తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు. జర్మన్ ఆఫీసులో కూర్చున్నావిడకి ఇవి నలుగురు మనుషుల్లా కనిపిస్తాయి. అన్నీ పాస్‌పోర్టుతో కలిసేలా చేయించండి, కుదరని చోట ఆ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. మ్యారేజ్ సర్టిఫికెట్ ఇప్పటికీ తీసుకోకపోతే తీసుకోండి, శుభలేఖ, ఫొటోలు చెల్లవు. పాప బర్త్ సర్టిఫికెట్ తీసి చూడండి, చాలామంది పిల్లలకి జీవీఎంసీ రికార్డులో పేరు గడి ఖాళీగానే ఉంటుంది, మా పాపకీ అంతే, వీసా టైముకి చూసుకుని పరుగులు పెట్టాం.

ఇప్పుడు మీ గురించి. ఆవిడ వెళ్లాక మీరు, పాప ఇక్కడ ఏడాది, ఏడాదిన్నర ఉండాల్సి వస్తుంది, ఇల్లు దొరకాలి, జీతం కుదురుకోవాలి. దీన్ని తేలిగ్గా చెప్పలేను. మా పాపకి అప్పుడు ఐదేళ్లు, పద్నాలుగు నెలలు మా అమ్మ దగ్గర, వాళ్ల నాన్న దగ్గర ఉంది. మొదట్లో వీడియో కాల్‌కి పరిగెత్తుకొచ్చేది. నాలుగో నెలలో రావడం మానేసింది. మా అమ్మ బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టి అన్నం తినిపించేది, పాప కళ్లెత్తేది కాదు, నేను అటు నుంచి పావుగంట ఊరికే చూస్తూ ఉండేదాన్ని. సాయంత్రం నాలుగుంపావుకే చీకటి పడే ఊరు. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మా ఆయన. "కోడల్ని పంపించి కొడుకు ఇంట్లో కూర్చున్నాడు" అని బంధువులు అన్న ప్రతి మాటా ఆయన దాకానే ఆగింది, నాకు చేరలేదు, ఏళ్ల తర్వాత మా ఆడపడుచు చెప్తే తెలిసింది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. అది మీరు మోయగలరా అన్నది ఇప్పుడే ఆలోచించుకోండి.

ఆ ఏడాదిని మీరు పోగొట్టుకోనక్కర్లేదు. మీరూ బీ1 చేయండి. మీ కాలేజీ, డిగ్రీ విదేశీ డిగ్రీల కోసం జర్మన్ వాళ్లు పెట్టిన అనాబిన్ జాబితాలో ఎలా ఉన్నాయో చూసుకుని, 208 యూరోలు కట్టి ఆ డిగ్రీ అక్కడి దేనికి సమానమో సర్టిఫికెట్ తెప్పించుకోండి. ఆవిడ కుటుంబంగా వెళ్తే మీకు పని చేసే హక్కు ఉంటుంది, ఉద్యోగం చూపించి వీసా అడగాల్సిన అవస్థ ఉండదు. మీరు హైడ్రాలిక్స్ చూశారు, మెషీన్లని నడిపించే పీఎల్‌సీ కంట్రోలర్ చూశారు, దాన్ని అక్కడ ఎస్‌పీఎస్ అంటారు, ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ శాఖని ఇన్‌స్టాండ్‌హాల్టుంగ్ అంటారు, ఉద్యోగాల సైట్లలో ఈ మాటలతో వెతికితేనే మీ పనులు కనిపిస్తాయి. తర్వాత ఇంజనీరు ఉద్యోగం వచ్చి, జీతం 2025 లెక్కల్లో ఏడాదికి 43,759.80 యూరోలు దాటితే మీ పేరు మీద బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి) కూడా అడగొచ్చు, ఆ గీత ఏటా పెరుగుతుంది. మా ఆయన కంచరపాలెం పాలిటెక్నిక్ డిప్లొమా. విదేశీ వృత్తి చదువుల్ని పోల్చి చూసే ఐహెచ్‌కె ఫోసా అనే సంస్థ దాన్ని పాక్షికంగా గుర్తించింది, తొమ్మిది నెలలు ఒక ఫ్యాక్టరీలో తక్కువ జీతానికి పని నేర్చుకుని పూర్తి గుర్తింపు తెచ్చుకున్నారు. అంతకుముందు రెండేళ్లు పాపని స్కూలుకి దింపడం, వంట, భాష క్లాసు, అంతే. ఆ రెండేళ్లు ఆయనకి చాలా కష్టంగా గడిచాయి, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర లైట్ వేసుకోకుండా కూర్చుని ఉండేవారు. మీరు భాషతో వెళ్తే ఆ కాలం సగానికి తగ్గుతుంది.

ఖర్చు, ఆదాయం మాట. గుర్తింపు వచ్చేదాకా హెల్పర్ జీతమే ఇస్తారు. పూర్తి నర్సు అయ్యాక గ్రాస్ 3,000 యూరోల పైనే మొదలవుతుంది, అందులో పన్ను, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా ఒంటరివాళ్లకి మూడింట రెండొంతులు చేతికొస్తుంది, కుటుంబం అక్కడుంటే ఇంకొంచెం ఎక్కువ. ఉద్యోగం లేని భర్తకి, పిల్లలకి ఆ ఇన్సూరెన్స్‌లోనే ఉచితంగా కవరేజీ ఉంటుంది. పిల్లల భత్యం 2025లో నెలకి 255 యూరోలు. స్కూలు ఫీజు లేదు. కానీ ఇంటి అద్దెకి అడ్వాన్సే మూడు నెలల దాకా అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. వంటింట్లో స్టవ్, సింక్ కూడా లేని ఖాళీ గోడలతో ఇల్లు ఇస్తారు, మేం మొదటి నెలన్నర ఒక ఎలక్ట్రిక్ కుక్కర్ మీద బతికాం. అందుకే నాన్నగారి ఇంటి మీద లోన్ వద్దంటున్నాను. మొదటి రెండేళ్లు ఈఎంఐ పంపేంత మిగలదు, ఆ టెన్షన్ మీద భాష ఎక్కదు.

పాప వయసు మాత్రం మంచి వయసు. ఆరు నిండకముందే వెళ్లగలిగితే కొన్ని నెలలు కిండర్‌గార్టెన్, ఆరు దాటితే నేరుగా స్కూలు. ఏడాది నిండిన పిల్లలకి సీటు 2013 ఆగస్టు నుంచి చట్టబద్ధమైన హక్కే, అయినా కొన్ని ఊళ్లలో దొరకడం కష్టం, ఆవిడ ఇల్లు చూసుకునే రోజే దరఖాస్తు పెట్టాలి. తెలుగు మాత్రం ఇంట్లో వదలకండి. శాశ్వత నివాసం మూడేళ్ల తర్వాత అడగొచ్చు, 36 నెలల పెన్షన్ చందా, బీ1 ఉండాలి. పౌరసత్వం ఐదేళ్లకి అడగొచ్చు, కానీ అది తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. నేను ఇంకా తీసుకోలేదు.

ఇంత రాశాక ఒకటి అడగాలనిపిస్తోంది. మీ ప్రశ్నలో ఆవిడ ఏమనుకుంటోందో ఎక్కడా లేదు. ఐసీయూ ఉద్యోగం, నాలుగేళ్ల పాప, దాని మీద ఏడాది పైన కొత్త భాష, ఆ తర్వాత ఒంటరిగా ప్రయాణం, ఇవన్నీ పడేది ఆవిడ. ఈ రాత్రి ఈ జవాబు ఆవిడకి చదవమని ఇవ్వండి. వెళ్లాలనిపిస్తే ఆవిడనే ఇక్కడ ప్రశ్నలు అడగమనండి, వార్డు గురించి, డ్యూటీల గురించి, ఏదైనా సరే. నాకు ఇంకా మూడు వారాలు సెలవుంది, రాత్రి తొమ్మిది తర్వాత అమ్మ పడుకుంటుంది, అప్పుడు కూర్చుని జవాబు రాస్తాను.